తొరక కట్టిన టీ

మా ఊళ్లో నాటకం బాగుందో లేదో తేల్చే బాధ్యత ఈ ఏడాది నుంచి టీ మీద పడింది. దీనికంతటికీ నేనే కారణమని కొందరంటారు. నేను కారణం కాదు. అడిగితే నిజం చెప్పాను, అంతే. ఆ నిజాన్ని పట్టుకెళ్లి సర్క్యులర్ చేసింది మహాసమితి వారు.

నా పేరు బసవపున్నయ్య. బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుంటాను. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో, నేను చెప్పిన టైముకు ఒక్క బస్సు వచ్చిన పాపాన పోలేదు. జనం నా మొహాన్నే తిట్టిపోసేవాళ్లు. ఆ ఉక్రోషం లోపల పేరుకుపోయి కాబోలు, నాటకాల దగ్గరికొచ్చేసరికి నా మాట తప్పకూడదని పంతం పట్టాను.

మా ఊళ్లో ఏటా మే నెలలో నాటక పురస్కార మహాసమితి వారు మూడు రోజుల పాటు నాటిక పోటీలు పెడతారు. రోజుకు నాలుగు నాటికలు. మూడో రోజు సాయంత్రం బహుమతి ప్రదానం. నేను ఆ సభ మొదలవడానికి గంట ముందు తెల్లకాగితం మీద బహుమతులన్నీ వరసగా రాసి మా కౌంటర్ అద్దానికి అంటించేవాణ్ని. ఉత్తమ ప్రదర్శన ఫలానా, ఉత్తమ నటుడు ఫలానా, ఉత్తమ విలన్ ఫలానా. పందొమ్మిదేళ్లలో ఒక్క పేరు తప్పలేదు. చివరికి బహుమతి వచ్చినవాళ్లు కూడా సభకు వెళ్లే ముందు బస్టాండుకు వచ్చి, చూసుకుని, అప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకునేవాళ్లు.

ఇట్లా నా మానాన నేనుండగా, పోయినేడాది ఒక విలేఖరి ఈ సంగతి పేపర్లో వేశాడు. "బహుమతులు ముందే బస్టాండులో!" అని హెడ్డింగు. వారం తిరక్కుండా మహాసమితి నుంచి నాకు నోటీసొచ్చింది.

విచారణకు వెళ్లాను. బల్లకు అవతల ఏడుగురు కూర్చున్నారు. మధ్యలో అధ్యక్షులు నూతలపాటి విశ్వేశ్వరప్రసాదు గారు. ఆయన మామూలుగా మాట్లాడితే సమితి పరువు పోతుందని నమ్మే మనిషి. ఇంట్లో మజ్జిగ కూడా "తక్రము" అనే అడుగుతారని చెప్పుకుంటారు.

"శ్రీయుత బసవపున్నయ్య గారూ! మహాసమితి యొక్క గోప్యతా ప్రాకారమునకు తమరు ఏ దిక్కున రంధ్రము చేసితిరి?" అన్నారు.

"నేనేం చేయలేదండీ."

"పందొమ్మిది సంవత్సరములు. ఏటేటా పదునాలుగు పురస్కారములు. వెరసి రెండువందల అరువదియారు. ఒక్కటియు తప్పలేదు. ఇది కాకతాళీయమందురా?"

"కాదండీ."

"కాదని తమరే ఒప్పుకొనుచున్నారు. కార్యదర్శి గారూ, వ్రాసికొనుడు."

అప్పుడు తెలిసింది నాకు, వాళ్ల అనుమానం సైదులు మీద. సైదులు మండపం క్యాంటీన్లో టీ పెట్టే మనిషి. నాటకం నడిచేటప్పుడు జడ్జీల బల్ల దగ్గరికి వెళ్లేది అతనొక్కడే. జడ్జీల మార్కుల కాగితాలు చూసి నాకు చేరవేస్తున్నాడని వీళ్ల లెక్క. ఇక మీదట అతన్ని గేటు దాటనివ్వకూడదని తీర్మానం కూడా టైపు కొట్టించి పెట్టుకున్నారు. సైదులు గుమ్మం దగ్గర భుజం మీద తువ్వాలు వేసుకుని బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసేవాడు మార్కుల కాగితం ఎట్లా చదువుతాడన్న ఆలోచన ఏడుగురిలో ఒక్కరికీ రాలేదు. ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను.

"సైదులు నాకేం చెప్పడండీ. జడ్జీలకి టీ ఇస్తాడు. నేను ఆ టీ చూస్తాను."

"తేనీటిని చూచెదరా?"

"అవునండీ. మూడో గంట కొట్టి తెర తీయగానే జడ్జీలు ముగ్గురికీ మూడు గ్లాసులు పెడతాడు. చిక్కటి గేదెపాల టీ. నాటకం చెత్తగా ఉందనుకోండి, జడ్జీకి వేరే పనేం ఉండదు గదా, మూడు నిమిషాల్లో తాగేస్తాడు. ఒక మోస్తరుగా ఉంటే గుక్కా గుక్కా తాగుతాడు. బాగుంటే చెయ్యి గ్లాసు దాకా పోయి వెనక్కొస్తుంది. చాలా బాగుంటే టీ సంగతే మర్చిపోతాడు. పది నిమిషాలకి టీ మీద తొరక కడుతుంది. మూడు గ్లాసులకీ తొరక కడితే ఉత్తమ ప్రదర్శన. ఎవరు స్టేజీ మీదికొచ్చినప్పుడు చెయ్యి సగంలో ఆగిపోతుందో వాళ్లు ఉత్తమ నటులు. విలన్ అయితే మటుకు కోపంలో ఒక్క గుక్కన తాగేస్తారండీ."

గుమ్మం దగ్గర నుంచి సైదులు గొంతు వినపడింది.

"నిజమే సార్. తొరక ఎండిపోయిన గ్లాసులు కడిగేది నేనే గదా. మంచి నాటకం పడ్డ రోజు నా వేళ్లు నొప్పెడతయ్యి."

విశ్వేశ్వరప్రసాదు గారు లేచి నిలబడ్డారు. నన్ను పోలీసులకు అప్పజెబుతారనుకున్నాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"మహాజనులారా!" అన్నారు, అక్కడున్నది ఏడుగురే అయినా. "ముప్పది సంవత్సరములుగా ఈ సమితి ఎన్ని అపనిందలు మోసినది! ఓడినవాడెల్ల న్యాయనిర్ణేత గెలిచినవానికి వియ్యంకుడనియే అనె. నేడు దారి దొరికినది. తేనీటికి వియ్యంకులు లేరు! తేనీటికి తోడల్లుండ్రు లేరు!"

ఏడుగురూ చప్పట్లు కొట్టారు. సైదులు మీది తీర్మానం చించేశారు. నాకు "తేనీటి సలహాదారు" అని బ్యాడ్జీ ఇచ్చారు. నేను తీసుకున్నాను. అబద్ధమెందుకు, పెట్టుకుని అద్దంలో కూడా చూసుకున్నాను.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. దాని పేరు "తేనీటి ఉపరితల పటల ప్రమాణ విధానము". న్యాయనిర్ణేతలు ఇక మార్కులు వేయరాదు, అభిప్రాయాలు కలిగి ఉండరాదు. వారి ముందు టీ ఉంచబడును. నాటకాంతమున ఆ టీ మీద ఏర్పడిన పటలము, అనగా తొరక, ఎంత గట్టిదో కొలిచి దాన్ని బట్టి బహుమతులు ఇవ్వబడును.

తొరక గట్టిదనం ఎట్లా కొలవాలన్నది రెండు వారాలు చర్చించారు. చివరికి సైదులును పిలిచి అడిగితే, "పంచదార చల్లి చూడండి సార్. మంచి తొరక మీద మునక్కుండా నిలబడద్ది," అన్నాడు. దాన్ని వెంటనే "శర్కరా భారవహన పరీక్ష" అన్నారు. ఒక్కో పంచదార పలుకు చిన్న పటకారుతో తొరక మీద పెట్టుకుంటూ పోవాలి. ఎన్నో పలుకుకు తొరక చిరిగితే అన్ని మార్కులు. ఈ పనికి ఆదిశేషయ్య గారిని పటల పరిశీలనాధికారిగా వేశారు. ఆయన పాలకేంద్రంలో వెన్నశాతం చూసి చూసి రిటైరైన పెద్దమనిషి. జన్మలో నాటకం చూసి ఎరగడు. అందుకే నిష్పక్షపాతంగా ఉంటాడని ఆయన్నే తీసుకున్నారు.

జడ్జీల ఎంపిక ఇంకో ప్రహసనం. నాటకాల మీద నాలుగు పుస్తకాలు రాసిన ఒక ప్రొఫెసరు గారిని తీసేశారు, ఆయనకు షుగరు, టీ ముట్టడు. ముట్టనివాడి గ్లాసు ఎప్పుడూ తొరకే కదా. ఆయన బదులు రోజుకు ఎనిమిది టీలకు తగ్గకుండా తాగుతామని గెజిటెడ్ ఆఫీసరు చేత సంతకం పెట్టించుకుని తెచ్చిన ముగ్గుర్ని వేశారు. వారిలో ఒకాయన సిమెంటు రేకుల వ్యాపారి. పెద్ద మీసాలాయన. నాటకమంటే కిట్టదని దరఖాస్తులోనే రాశాడు.

అదే సర్క్యులర్లో తొమ్మిదో నిబంధన ఒకటుంది. దాన్ని నేను సరిగా చదవలేదు. ఝాన్సీరాణి వచ్చి చదివించింది.

పువ్వాడ ఝాన్సీరాణి అంటే మా ఊరి నటి. ఏడాదంతా జాకెట్లు కుట్టి, మే నెలలో ఒక గంట స్టేజీ ఎక్కుతుంది. పద్నాలుగేళ్లు పోటీల్లో ఆడింది. పద్నాలుగేళ్లూ బహుమతి రాలేదు. ప్రతి ఏడూ నా కౌంటర్ దగ్గరకొచ్చి "ఈసారి ఉందా అన్నయ్యా?" అని బస్సు కోసం అడిగినట్టే అడిగేది. నేను "లేదమ్మా" అనేవాణ్ని. నా మాట ఎప్పుడూ తప్పలేదు.

ఆ రోజు చేతిలో సర్క్యులర్ పట్టుకుని వచ్చింది.

"తొమ్మిది చూశారా అన్నయ్యా?" అని గట్టిగా చదివింది. "పదిహేను ప్రదర్శనలిచ్చియు ఒక్క పురస్కారమునైనను పొందని కళాకారులు, నూతన రక్తమునకు చోటు కల్పించుటకై, విశ్రాంతి శాలువా స్వీకరించి వేదిక నుండి శాశ్వతముగా విరమింపవలెను. ఈసారి నాది పదిహేనోది. రాకపోతే ఇంక స్టేజీ ఎక్కనియ్యరంట. నాకున్నదే ఆ ఒక్క గంట. వస్తుందంటారా?"

నేను సలహాదారుణ్ని కదా, శాస్త్రీయంగానే చెప్పాను.

"నీకు ఇన్నాళ్లు రాకపోవడానికి కారణం నీ నటన కాదమ్మా. నీ వేషాలన్నీ తెర తీయగానే వస్తాయి. పక్కింటి పిన్నిగా వచ్చి కాఫీపొడి అడిగి వెళ్లిపోతావు. అప్పటికి టీ ఇంకా పొగలు కక్కుతుంటుంది. పొగలు కక్కే టీ మీద తొరక ఎట్లా కడుతుంది చెప్పు?"

ఆమె నా వంక అదోలా చూసింది.

"మీరు నా నాటకం ఎప్పుడన్నా చూశారా అన్నయ్యా?"

"అదేంటమ్మా! పద్నాలుగేళ్లుగా వస్తూనే ఉన్నాను గదా!"

"వచ్చారు. చూశారా అని అడుగుతున్నా."

ఇంతలో ఎవరో నరసరావుపేట బస్సెప్పుడని అడిగారు. హమ్మయ్య అనుకుని వాళ్లకు టైము చెప్పాను. ఇటు తిరిగేసరికి ఝాన్సీరాణి లేదు. ఆ బస్సు కూడా రాలేదనుకోండి.

ఇక నాటక సమాజాల హడావుడి చూడాలి. ఇదివరకు డైరెక్టర్లు డైలాగు బట్టీ పట్టించేవాళ్లు. ఇప్పుడు సైదులు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఎన్నో నిమిషానికి తొరక మొదలవుతుంది, ఎన్నో నిమిషానికి గట్టిపడుతుంది అని అడిగి, దానికి తగ్గట్టు కథలు తిరగరాయించారు. చావుసీను నాలుగో నిమిషంలో పెట్టుకున్నారు. హీరో నాలుగో నిమిషంలో పోతే మిగతా యాభై ఆరు నిమిషాలు ఏం చేయాలో తెలియక, ఒక సమాజం వాళ్లు దినవారాలు మొత్తం స్టేజీ మీదే జరిపించారు. ఇంకో రచయిత మరీ గడుసువాడు. తెర తీయగానే ఒక పాత్ర పరిగెత్తుకొచ్చి జడ్జీల వైపు తిరిగి, "ఆగండి! ఆ టీలో విషం కలిసింది!" అని అరుస్తుంది. కథకు ఆ విషంతో సంబంధం లేదు, కథలో టీ లేదు. అయినా ముగ్గురు జడ్జీలూ ఠక్కున గ్లాసులు కింద పెట్టేశారు. దీని మీద అభ్యంతరం వస్తే, "ప్రేక్షకుని కదిలించుటయే కళ కదా, కదిలించినాడు," అని అధ్యక్షులు కొట్టిపారేశారు.

పోటీలు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా. మే నెల, కళ్యాణమండపం, పైన రేకులు. ఫ్యాన్లు ఆపేశారు, గాలికి తొరక చెదురుతుందని. తలుపులు మూశారు. విసనకర్రలు గేటు దగ్గరే లాక్కున్నారు. మొదటి నాటిక మధ్యలో ఎవరికో దగ్గొస్తే మైకులో చెప్పారు, "న్యాయనిర్ణేతల తేనీటి దిశగా దగ్గరాదు," అని. రెండో నాటిక అయ్యాక జనం చప్పట్లు కొట్టబోయారు. ఆదిశేషయ్య గారు పటకారు పైకెత్తి కేకేశాడు. చప్పట్లకు బల్ల అదిరి తొరక చిట్లుతోందట. వెంటనే బోర్డు పెట్టారు: "ప్రదర్శన బాగున్నచో దయచేసి కదలకుడు."

నేను బ్యాడ్జీ పెట్టుకుని జడ్జీల వెనక వరసలో నా మామూలు కుర్చీలో కూర్చున్నాను. సైదులు నాకూ ఒక గ్లాసు పట్టుకొచ్చేవాడు, ప్రతి ఏడూ ఇచ్చినట్టే.

రెండో రోజు "శూన్యయోగం" అనే నాటిక పడింది. తెర తీస్తే ఒక యోగి కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. భార్య చెంబు పట్టుకుని పక్కన నిలబడి ఉంది. గంట తర్వాత తెర వేశారు. అంతే నాటిక. ఆ ఉక్కలో, ఆ నిశ్శబ్దంలో ఐదో నిమిషానికల్లా ముగ్గురు జడ్జీలూ గుర్రు పెట్టారు. గ్లాసులు ముట్టినవాడు లేడు. తొరక అట్ట కట్టింది. ఆదిశేషయ్య గారు పలుకులు పెడుతూనే ఉన్నాడు, పెడుతూనే ఉన్నాడు. సగటున రెండువందల పన్నెండు. సైదులు నా చెవిలో, "ఈ గ్లాసులు నేను కడగను సార్," అన్నాడు.

నిద్రకీ తన్మయత్వానికీ తేడా తొరకకు తెలియదని నాకు అప్పుడు వెలిగింది. సలహాదారుణ్ని కాబట్టి అధ్యక్షుల దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన నవ్వారు. "పున్నయ్య గారూ, నిద్రయు ఒక రసానుభూతియే," అన్నారు.

మూడో రోజు ఆఖరి నాటిక ఝాన్సీరాణిది. పేరు "టార్చిలైటు". ఈసారి ఎవరి సమాజాన్నీ దేబిరించకుండా, జాకెట్లు కుట్టించుకునే ట్యూషను టీచరమ్మ ఒకావిడ చేత రాయించుకుని, తనే ముఖ్యవేషం వేసుకుంది. మూసేస్తున్న సినిమాహాల్లో టిక్కెట్టు చింపి, టార్చితో సీటు చూపించే మనిషి వేషం. ఆఖరి ఆటకు ఒక్కరూ రాలేదు. అయినా తెల్లచీర మీద ఖాకీ కోటు తొడుక్కుని డ్యూటీకి వచ్చింది. అదీ కథ.

మూడో గంట కొట్టారు. గ్లాసులు పెట్టారు. నేను అలవాటుగా జడ్జీల బల్ల వైపు మెడ సాచాను. అంతలో స్టేజీ మీద టార్చి వెలిగింది.

"రండి అన్నయ్యా, ఇటు, ఇటు," అంటోంది ఎవరూ లేని చోట. "మీది మూడో వరస, స్తంభం పక్క. స్తంభం పక్కనయితే మీ ఆవిడ భుజం మీద చెయ్యేసినా ఎవరికీ కనపడదని అడిగి మరీ కూర్చునేవాళ్లు గదా. ఆవిడ లేకపోయినా ఆ సీటు మీకే ఉంచా. కూర్చోండి."

టార్చి వెలుగు స్టేజీ దిగి మా మధ్యలోకి వచ్చింది.

"మెల్లగా బామ్మా, అక్కడ మెట్టుంది. పోయినసారి పడ్డావు. నా చెయ్యి పట్టుకో."

ఆ వెలుగు నడవలో నేల మీద మెల్లగా, చాలా మెల్లగా, ముసలి మనిషి నడకలో కదిలింది. హాల్లో ఉన్న నాలుగొందల మంది తలలూ దాని వెంట తిరిగాయి. అక్కడెవరూ లేరు. నేను కాళ్లు వెనక్కి తీసుకుని బామ్మకు దారి ఇచ్చాను. నా పక్కాయన కూడా ఇచ్చాడు.

అట్లా అందరినీ కూర్చోబెట్టింది. క్లాసు ఎగ్గొట్టి వచ్చిన పిల్లల్ని, ఏడవడానికే సినిమాకొచ్చే ఒక వంటమనిషిని, తనను చేసుకుంటానని చెప్పి చేసుకోని ఆపరేటర్ని. ఆపరేటర్ వంతు వచ్చినప్పుడు ఏం మాట్లాడలేదు. సీటు దుమ్ము కొంగుతో దులిపి, టార్చి పక్కకు తిప్పింది. చివరికి హాలంతా ఒకసారి కలయజూసి, "అందరూ కూర్చున్నారా? ఇంక మాట్లాడకండి, బొమ్మ వేస్తారు," అని టార్చి ఆర్పేసింది.

చీకటి. తర్వాత చప్పట్లు. బోర్డు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

లైట్లు వెలిగాక చూస్తే జడ్జీల బల్ల బీభత్సంగా ఉంది. ఒకాయన జేబురుమాలు కోసం తడుముకుంటూ గ్లాసు ఒలకబోశాడు. సిమెంటు రేకులాయన గ్లాసు నోటి దాకా ఎత్తి ఎంతసేపు అట్లాగే పట్టుకున్నాడో ఏమో, తొరక మొత్తం మీసానికి అంటుకుని ఉంది. మూడో గ్లాసు తొరక చప్పట్ల అదురుకు చిట్లిపోయింది. ఆదిశేషయ్య గారైతే పటకారుతో ఒకే ఒక్క పంచదార పలుకు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆయన చేతిలోని డబ్బాలో పంచదార ముద్ద కట్టింది. పైనుంచి కళ్లనీళ్లు కారి పడ్డాయి.

అప్పుడు నా చేతిలో బరువు తెలిసింది. నా టీ గ్లాసు. సైదులు ఎప్పుడిచ్చాడో, నేను ఎప్పుడు పుచ్చుకున్నానో తెలియదు. నిండుగా ఉంది. పైన తొరక కట్టి ఉంది.

ఇరవై ఏళ్లుగా వాళ్ల గ్లాసులు చూశాను. నా గ్లాసు ఏనాడూ చూసుకోలేదు. చూసుకునే అవసరం రాలేదు, ఎప్పుడూ తాగేసేవాణ్ని కాబట్టి. స్టేజీ మీద ఏం జరుగుతోందో జడ్జీల చేతులు చూసి తెలుసుకునేవాణ్ని. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

గ్లాసు అట్లాగే పట్టుకుని గ్రీన్ రూముకు వెళ్లాను. ఝాన్సీరాణి కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటోంది.

"ఇదేంది అన్నయ్యా, చల్లారిపోయిన టీ తెచ్చారు?"

"నాదమ్మా ఇది," అన్నాను.

ఆమె గ్లాసులోకి చూసింది. నా మొహంలోకి చూసింది. నూనె చేతులు చీరకు తుడుచుకుని గ్లాసు అందుకుంది. రెండు వేళ్లతో తొరక తీసి నోట్లో వేసుకుని, మిగతా టీ గడగడా తాగేసింది.

"సైదులు పంచదార ఎక్కువేశాడు," అంది. కళ్లు మటుకు మెరుస్తున్నాయి.

బస్టాండుకు వెళ్లి కాగితం రాయడానికి కూర్చున్నాను. సైదులు కూడా వచ్చాడు. పదమూడు బహుమతులు పలుకుల లెక్క ప్రకారం చకచకా రాశాను. ఉత్తమ నటి దగ్గర ఝాన్సీరాణి అని రాస్తుంటే సైదులు కంగారుపడ్డాడు.

"అదేంది సార్! ఏ గ్లాసు చూసి రాస్తున్నారు?"

"గ్లాసు చూళ్లేదయ్యా. ఈసారి స్టేజీ చూశాను."

"అయితే తప్పుద్ది సార్," అన్నాడు జాలిగా.

తప్పింది. సాయంత్రం సభలో ఉత్తమ ప్రదర్శన శూన్యయోగం. ఉత్తమ నటుడు యోగి. ఉత్తమ నటి చెంబు పట్టుకుని నిలబడ్డావిడ. ఆవిడకే ఆశ్చర్యమేసి, బహుమతి అందుకోవడానికి చెంబుతో సహా వచ్చింది.

తర్వాత విశ్వేశ్వరప్రసాదు గారు గొంతు సవరించుకున్నారు. "టార్చిలైటు నాటిక విషయమున పరిశీలనాధికారి నివేదిక వినుడు."

ఆదిశేషయ్య గారు లేచి తలొంచుకున్నాడు. "కొలత తీయలేకపోయానండీ. చూస్తా ఉండిపోయాను. క్షమించండి."

"కావున," అన్నారు అధ్యక్షులు, "నిబంధన పదిహేడు ననుసరించి, కొలతకు లొంగని ప్రదర్శనము జరగని ప్రదర్శనముగా పరిగణింపబడుచున్నది. ఇక పురస్కార రహితులగు శ్రీమతి ఝాన్సీరాణి గారికి విశ్రాంతి శాలువా."

శాలువా ముందే తెప్పించి పెట్టారు. దాని మీద జరీతో ఆమె పేరు కూడా కుట్టించారు. ఝాన్సీరాణి మెట్లెక్కి వచ్చి తల వంచి నిలబడింది. కార్యదర్శి శాలువా ఒక భుజం మీద వేశాడు.

నేను లేచి నిలబడ్డాను. నా జన్మంతా నన్నే అందరూ అడిగారు గాని, నేను ఒకర్ని అడిగింది లేదు.

"అధ్యక్షా! చిన్న ఎంక్వైరీ అండీ."

"అడుగుడు."

"ఆ నాటిక జరగలేదన్నారు గదండీ. జరగనిది లెక్కలోకి వస్తుందా?"

"ఎట్లు వచ్చును? జరగనిది జరగనిదే. మహాసమితి నిబంధనలు శిలాశాసనములు."

"మరయితే ఝాన్సీరాణి గారివి ఇప్పటికి ఎన్ని ప్రదర్శనలు అయినట్టండీ?"

అధ్యక్షులు రిజిస్టరు తెప్పించారు. ఏడుగురూ స్టేజీ మీదే గుండ్రంగా చేరి తలలు కలిపారు. ఒకరు వేళ్ల మీద లెక్కపెట్టారు. ఇంకొకరు మళ్లీ లెక్కపెట్టారు. శాలువా ఒక భుజం మీద వేలాడుతుండగా ఝాన్సీరాణి కదలకుండా నిలబడి ఉంది.

చివరికి విశ్వేశ్వరప్రసాదు గారు మైకు దగ్గరకొచ్చారు. "పదునాలుగు," అన్నారు. "పదిహేనవది ఇంకను జరగవలసియున్నది. కావున ఈ శాలువాను మహాసమితి సగౌరవముగా వెనుకకు తీసికొనుచున్నది."

కార్యదర్శి శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆమెకు నమస్కారం చేశాడు. శాలువా కప్పితే చప్పట్లు కొట్టడం చూశాను గాని, తీస్తే కొట్టడం అదే మొదలు. సిమెంటు రేకులాయన కుర్చీ ఎక్కి మరీ కొట్టాడు.

మర్నాడు పొద్దున బస్టాండులో నా కాగితం చుట్టూ జనం మూగారు. "పున్నయ్య గారి జోస్యం ఇరవయ్యో ఏడు బోల్తా కొట్టింది," అని ఒకటే నవ్వులు. నేను ఆ కాగితం చింపలేదు. బ్యాడ్జీ మాత్రం తీసి సైదులుకు ఇచ్చాను, తువ్వాలుకు పిన్నీసుగా పనికొస్తుందని.

పదకొండింటికి ఝాన్సీరాణి వచ్చింది. చంకలో జాకెట్టు గుడ్డల మూట, మొహంలో దిగులు.

"ఈ ఏటికి గట్టెక్కించారు అన్నయ్యా. మరి వచ్చే ఏడు? అది లెక్కలోకొస్తే ఇంక అంతేగా?"

"రాదమ్మా."

"అంత గట్టిగా ఎట్లా చెబుతున్నారు? నిన్ననే గదా మీ మాట తప్పింది!"

"నువ్వు నిన్నటిలాగే ఆడు. ఆదిశేషయ్య గారు చూస్తా ఉండిపోతాడు. కొలత పడదు. నువ్వు బాగా ఆడినన్నాళ్లూ నీకు పద్నాలుగే."